డిస్నీ వరల్డ్ డైనింగ్ ప్లాన్: కొనే ముందు లెక్క, కొన్నాక టిప్పు

మెస్‌లో నెల టికెట్ల పుస్తకం కొని తిన్నవాళ్ళకు ఈ వ్యవహారం కొత్తగా చెప్పక్కర్లేదు. టికెట్ చింపి ఇస్తుంటే జేబులోంచి డబ్బు పోతున్నట్టే ఉండదు. నెలాఖరుకు నాలుగు టికెట్లు మిగిలాయంటే మాత్రం ప్రాణం ఒప్పదు, ఆకలి లేకపోయినా వెళ్ళి కూర్చుంటాం. ఫ్లోరిడాలో ఓర్లాండో పక్కనున్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో అమ్మే డైనింగ్ ప్లాన్ కూడా అచ్చం ఇలాంటిదే. కాకపోతే ఇక్కడ ఒక్కో టికెట్టు డాలర్లలో ఉంటుంది, పైగా వడ్డించే మనిషికి ఇవ్వాల్సింది అందులో ఉండదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు అమ్మానాన్నలు వచ్చిన వేసవిలో ఓర్లాండో టికెట్లు తీస్తారు. బుకింగ్ చేసేటప్పుడు స్క్రీన్ మీద డైనింగ్ ప్లాన్ అని కనబడుతుంది. "తిండి టెన్షన్ ఉండదు, ప్రతిసారీ నాన్న రేటు చూసి ఇడ్లీలతో లెక్క కట్టడు" అనుకుని నొక్కేస్తాం. మేమూ అలాగే నొక్కాం. నొక్కే ముందు, నొక్కాక ఏం చేయాలో ఇక్కడ వరసగా చెప్తాను.

ఏం కొంటున్నారో ముందు చూసుకోండి

ఈ ప్లాన్ డిస్నీ సొంత హోటళ్ళలో ప్యాకేజీ తీసుకునేవాళ్ళకే. బయట హోటల్లో దిగి పార్కుకు వచ్చేవాళ్ళకు దొరకదు. కోవిడ్ వచ్చినప్పుడు 2020లో ఆపేశారు, 2024 జనవరి 9 నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పుడు రెండు రకాలు ఉన్నాయి.

చిన్నదాని పేరు క్విక్ సర్వీస్ ప్లాన్. కౌంటర్ దగ్గర తీసుకుని ట్రేలో తెచ్చుకు తినే భోజనాలు రాత్రికి రెండు, ఒక స్నాక్. పెద్దదాంట్లో కౌంటర్ భోజనం ఒకటి, టేబుల్ దగ్గర కూర్చుంటే సర్వర్ తెచ్చిపెట్టే భోజనం ఒకటి, ఒక స్నాక్. రెండిట్లోనూ మనిషికో మగ్గు ఇస్తారు. హోటల్లో ఉన్నన్నాళ్ళూ అందులో కాఫీ, కూల్‌డ్రింక్ ఎన్నిసార్లయినా నింపుకోవచ్చు. పార్కుల్లో ఆ మగ్గు పనిచేయదు. పొద్దున్నే దాన్ని బ్యాగులో వేసుకుని మోసుకెళ్ళకండి.

"రాత్రికి" అన్న మాట గుర్తుపెట్టుకోండి. లెక్క రోజులతో కాదు, రాత్రులతో. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు ఉంటే మీకు వచ్చేవి నాలుగు సెట్ల క్రెడిట్లే. క్రెడిట్ అంటే మన మెస్ టికెట్ లాంటిదే. పొద్దున టిఫిన్ విడిగా ఏమీ ఉండదు, ఉన్న రెండు పూటల్లోనే మీరు సర్దుకోవాలి.

2024లో ధరలు ఇలా ఉండేవి: పెద్ద ప్లాన్ పెద్దవాళ్ళకు రాత్రికి 94.28 డాలర్లు, 3 నుంచి 9 ఏళ్ళ పిల్లలకు 29.69. క్విక్ సర్వీస్ పెద్దవాళ్ళకు 57.01, పిల్లలకు 23.83. ఆ తర్వాత పెరిగాయి. మీరు వెళ్ళే తేదీకి ఎంత ఉందో బుకింగ్ పేజీలో చూసి, కింద నేను వేసిన లెక్కలో ఆ అంకె పెట్టుకోండి. 2026 ప్రయాణాలకైతే పెద్దవాళ్ళు ప్లాన్ కొంటే 3–9 ఏళ్ళ పిల్లలకు ప్లాన్ ఉచితం అని డిస్నీ ప్రకటించింది. షరతులు చదివాకే నమ్మండి. మూడేళ్ళలోపు పిల్లలకు ప్లాన్ అక్కర్లేదు, మీ పళ్ళెంలోంచి పెట్టుకోవచ్చు.

పదేళ్ళు నిండిన పిల్లలున్న ఇళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పదో ఏడు నిండితే డిస్నీ దృష్టిలో పెద్దమనిషే. పెద్ద ప్లాన్ ధర మూడింతలు. తినేది మాత్రం అవే చికెన్ నగ్గెట్లు.

కాగితం తీసి లెక్క వేయండి

ఈ పని చేయకుండా కొన్నవాళ్ళే ఎక్కువ. ఫోన్లో కాలిక్యులేటర్ చాలు. డిస్నీ ప్రతి రెస్టారెంట్ మెనూనీ రేట్లతో సహా వెబ్‌సైట్లో పెడుతుంది కాబట్టి ఊహించుకోవాల్సిన పని లేదు. మీ ఇంట్లో ఒక్కొక్కరూ నిజంగా ఏం తింటారో రాయండి. "అక్కడికెళ్ళాక తింటార్లే" అనుకున్నవి రాయకండి.

ఉదాహరణకు శాకాహారి, మందు ముట్టని మనిషి ఒక రోజు. మీ నాన్నగారే అనుకోండి. మధ్యాహ్నం కౌంటర్ దగ్గర బౌల్ 14 డాలర్లు, డ్రింకు 5. రాత్రి టేబుల్ భోజనంలో మాంసం లేని మెయిన్ డిష్ 26, డ్రింకు 5, డెజర్ట్ 11. స్నాక్ 7. మగ్గు విడిగా కొంటే 22 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది, నాలుగు రోజులకు పంచితే రోజుకు ఐదున్నర. మొత్తం 73.50. ప్లాన్ ధరలో ట్యాక్స్ కలిసే ఉంటుంది కాబట్టి మనమూ కలపాలి. ఆరెంజ్ కౌంటీలో అది 6.5 శాతం. అప్పుడు 78.28 అయింది. ప్లాన్ 94.28. అంటే రోజుకు సరిగ్గా 16 డాలర్లు ఎక్కువ కట్టారు. నాన్నగారు మగ్గు ముట్టనే ముట్టరంటే ఆ తేడా 22కి చేరుతుంది.

ఇప్పుడు ఇంకో మనిషి. కౌంటర్ దగ్గర 16 డాలర్ల శాండ్‌విచ్, దాంతో 10 డాలర్ల బీరు. రాత్రికి 38 డాలర్ల చేపో స్టేకో, 16 డాలర్ల కాక్‌టెయిల్, 11 డాలర్ల డెజర్ట్. స్నాక్, మగ్గు మామూలే. ట్యాక్సుతో 110.23. ఈయనకు రోజుకు దాదాపు 16 డాలర్లు కలిసొచ్చింది. ప్లాన్‌లో 21 నిండినవాళ్ళకు ప్రతి భోజనంతోనూ కూల్‌డ్రింకు బదులు ఒక బీరో వైనో కాక్‌టెయిలో తీసుకునే వీలుంది. ఆ వీలు ధర అందరి దగ్గరా వసూలవుతుంది. అల్లుడి కాక్‌టెయిల్‌కి మామగారు మజ్జిగ తాగుతూ డబ్బు కట్టినట్టు ఉంటుంది లెక్క.

పిల్లల సంగతి వేరు. మిక్కీ, మిన్నీ వేషాలతో టేబుల్ దగ్గరికొచ్చి ఫొటోలు దిగే భోజనాలుంటాయి, క్యారెక్టర్ డైనింగ్ అంటారు. కాంటెంపరరీ హోటల్లోని షెఫ్ మిక్కీస్ అలాంటిది. అక్కడ రాత్రి బఫేకి పెద్దవాళ్ళకు 60 డాలర్లు దాటుతుంది, చిన్నపిల్లకు 40 చుట్టుపక్కల. అలాంటి ఒక్క భోజనంతో పిల్లకు కట్టిన 29.69 తీరిపోయి ఇంకా మిగులుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుండి, రోజూ ఇలాంటి భోజనాలే తినాలనుకుంటే ప్లాన్ గిట్టుబాటు. పెద్దవాళ్ళంతా శాకాహారులు, మందు లేదు, పిల్లలు పదేళ్ళు దాటారు అంటే అక్కడితో ఈ ట్యాబ్ మూసేయండి.

ఇంకో సంగతి లెక్కలో వేయాలి. బయటి తిండి పార్కులోకి తీసుకెళ్ళవచ్చు. గాజు సీసాలు, మద్యం, వేడి చేయాల్సిన పదార్థాలు కూడదు. పులిహోర డబ్బా సెక్యూరిటీ దగ్గర ఎవరూ ఆపరు. ఫౌంటెన్ డ్రింకులు అమ్మే కౌంటర్లలో ఐస్ వాటర్ అడిగితే కప్పులో ఉచితంగా ఇస్తారు. మూడో రోజుకల్లా అమ్మకు పెరుగన్నం గుర్తొస్తుంది. ఓర్లాండో ఊళ్ళో మన హోటళ్ళున్నాయి, ఆ రాత్రి అటు పోతారు. ఆ పూట క్రెడిట్ మీ అకౌంట్లో అలాగే కూర్చుంటుంది. అలా ఎన్ని పూటలు జరుగుతాయో మీకే తెలుస్తుంది, నిజాయితీగా తీసేయండి.

గదులు విడగొట్టి బుక్ చేయండి

ఒక రిజర్వేషన్లో ఉన్న మూడేళ్ళు దాటిన అందరికీ, ఉన్నన్ని రాత్రులకీ ప్లాన్ కొనాలి. ఒకరికి కొని ఇంకొకరికి మానేయడం కుదరదు. అందుకని అమ్మానాన్నలకు వేరే గది తీసుకుంటుంటే దాన్ని వేరే రిజర్వేషన్‌గా బుక్ చేయండి. మీ గదికి ప్లాన్ ఉంటుంది, వాళ్ళ గదికి ఉండదు. అదే టేబుల్ దగ్గర కూర్చుని వాళ్ళ ప్లేట్లకు డబ్బు కడితే సరి.

అలాగే రాత్రులనూ విడగొట్టవచ్చు. ఐదు రాత్రుల్లో క్యారెక్టర్ భోజనాలన్నీ రెండు రోజుల్లో పెట్టుకుంటే, ఆ రెండు రాత్రులు ఒక రిజర్వేషన్, ప్లాన్‌తో. మిగతా మూడు ఇంకో రిజర్వేషన్, ప్లాన్ లేకుండా. మధ్యలో గది మారాల్సి రావచ్చు. ఎనిమిది సూట్‌కేసులతో దిగిన కుటుంబానికి నేనిది సిఫారసు చేయను.

టేబుళ్ళు అరవై రోజుల ముందే పట్టుకోండి

ప్లాన్ కొన్నంత మాత్రాన కుర్చీ దొరికినట్టు కాదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుస్తారు. డిస్నీ హోటల్లో దిగేవాళ్ళు చెక్ఇన్‌కి 60 రోజుల ముందు ఒకేసారి పది రోజుల దాకా భోజనాలన్నీ బుక్ చేసుకోవచ్చు. తెల్లవారుజామున లేచి యాప్ తెరవడం మీకు తత్కాల్ టికెట్ల నుంచి అలవాటే.

పోటీ ఎందుకంత ఉంటుందో ఆలోచించండి. పెద్ద ప్లాన్ కొన్న ప్రతి మనిషికీ రాత్రికొక టేబుల్ భోజనం ముందే అమ్మేశారు. మామూలుగా అయితే నాలుగు రోజుల్లో ఒక్కసారి కూర్చుని తినే కుటుంబం ఇప్పుడు నాలుగుసార్లు కూర్చోవాలి. కుర్చీలు పెరగవు. ప్లాన్ లేనివాడికీ టేబుల్ దొరకదు. ఇంకో చిక్కు, ప్లాన్‌లో డెజర్ట్ కలిపే ఉంటుంది కాబట్టి కడుపు నిండినా ఎవరూ వదలరు. అదివరకు మెయిన్ డిష్ తిని లేచిపోయే టేబుల్ ఇంకో పావుగంట కూర్చుంటుంది. బయట పిల్లాడిని ఎత్తుకుని నిలబడ్డ మనిషి ఇంకో పావుగంట నిలబడతాడు. వంటింట్లో స్టేకుల వైపు రద్దీ, పాస్తా వైపు ఖాళీ. రేటు చూసే అవసరం లేనప్పుడు మెనూలో అందరి కళ్ళూ ఒకే చోటికి పోతాయి మరి.

ఇదంతా డిస్నీకి నష్టమేమీ కాదు. ముందే భోజనానికి కట్టినవాడు కారు తీసుకుని ఊళ్ళో హోటల్‌కి పోడు. ఆ డబ్బు, ఆ మనిషి రెండూ లోపలే ఉంటాయి. 2005లో ఈ ప్లాన్ వచ్చిన ఏడాదే, గదులు ఖాళీగా ఉండే నెలల్లో ప్యాకేజీ కొంటే ప్లాన్ ఉచితం అనే ఆఫర్ కూడా మొదలుపెట్టారు. ఖాళీ గది నింపడానికి భోజనం ఎర.

రెస్టారెంట్ ఎంచుకునేటప్పుడు అది ఎన్ని క్రెడిట్లు తీసుకుంటుందో చూడండి. షెఫ్ మిక్కీస్, యానిమల్ కింగ్‌డమ్ పార్కులోని టస్కర్ హౌస్ లాంటి క్యారెక్టర్ బఫేలు ఒక్క క్రెడిట్. ఎప్‌కాట్ పార్కులో కెనడా పెవిలియన్లోని లె సెలియే స్టేక్‌హౌస్, మ్యాజిక్ కింగ్‌డమ్ కోటలోని సిండ్రెల్లాస్ రాయల్ టేబుల్ లాంటివి రెండు క్రెడిట్లు. రెండు క్రెడిట్ల భోజనంలో మీరు కొనే విలువ సాధారణంగా రెండు భోజనాలంత ఉండదు. కోటలో తినాలని కూతురు కలగంటుంటే తప్ప వాటికి డబ్బే కట్టండి, క్రెడిట్లు బఫేలకు దాచుకోండి.

మనసు మారితే రెండు గంటల ముందు దాకా రద్దు చేసుకోవచ్చు. చెప్పకుండా మానేస్తే చాలా చోట్ల మనిషికి 10 డాలర్లు వేస్తారు.

కూర్చోగానే సర్వర్‌కి చెప్పండి

మంచినీళ్ళు పెట్టడానికి వచ్చినప్పుడే "మేం డైనింగ్ ప్లాన్‌లో ఉన్నాం, వీళ్ళిద్దరూ కాదు" అని చెప్పేయండి. చివర్లో చెప్తే పాపం ఆ మనిషి బిల్లంతా విడగొట్టి మళ్ళీ కొట్టాలి. ముందే చెప్తే ఏది ప్లాన్‌లోకి వస్తుందో, ఏది రాదో వాళ్ళే చెప్తారు. మెయిన్ డిష్, డ్రింకు, డెజర్ట్ వస్తాయి. ముందు తినే స్టార్టర్లు రావు.

మనవాళ్ళు ఇందులో పడే చోటు ఒకటుంది. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అనే రెస్టారెంట్. ఆఫ్రికన్ వంటకు మన మసాలాలు కలిపిన మెనూ. కిటికీ అవతల గడ్డి మైదానంలో జిరాఫీలు తిరుగుతుంటాయి. అక్కడ బ్రెడ్ సర్వీస్ బాగా పేరున్నది. వేడి నాన్‌లు, రొట్టెలు, నంజుకోవడానికి పచ్చళ్ళు, రైతా సహా తొమ్మిది రకాలు చిన్న గిన్నెల్లో వస్తాయి. నాలుగు రోజులు పిజ్జా తిన్న మనిషికి ఆ గిన్నెలు చూస్తే ప్రాణం లేచొస్తుంది. కానీ అది స్టార్టర్ కింద లెక్క, ప్లాన్‌లో రాదు, విడిగా కట్టాలి. కట్టండి. తెలియక కట్టడం వేరు, తెలిసి కట్టడం వేరు, అంతే.

ఖరీదైనదే తెప్పించుకోవాలన్న పట్టుదల మాత్రం వద్దు. మా ఆవిడకు చేప ఇష్టం, రేటు ఎక్కువని స్టేక్ చెప్పింది, సగం వదిలేసింది. డబ్బు ఎప్పుడో వెళ్ళిపోయింది. మీరు పాస్తా తిన్నా స్టేక్ తిన్నా అది తిరిగి రాదు.

బిల్లు ఫోల్డర్ తెరిచాక

మా ట్రిప్‌లో రెండో రాత్రి. ఏ రెస్టారెంటో అనవసరం. యాభై దాటిన ఆవిడ మాకు వడ్డించింది. మా అమ్మ ఉల్లిపాయ లేకుండా కావాలంటే లోపలికెళ్ళి కనుక్కుని వచ్చింది, మా పాప కింద పడేసిన ఫోర్కు మూడుసార్లు మార్చింది. చివర్లో నల్ల ఫోల్డర్ పెట్టి వెళ్ళింది. నాన్న తీసి చూశాడు. రసీదులో వాడిన క్రెడిట్లు, మిగిలిన క్రెడిట్లు, కట్టాల్సింది సున్నా. "తేలిపోయింది" అని ఫోల్డర్ మూసి లేచాడు. నేను బాత్రూంకి వెళ్ళొచ్చేసరికి అందరూ గుమ్మం దగ్గర ఉన్నారు. ఫోల్డర్ తెరిస్తే టిప్పు గీత మీద ఏమీ లేదు. ఆవిడ పక్క టేబుల్ తుడుస్తోంది, మా వైపు చూడలేదు. వెనక్కొచ్చి రాసి సంతకం పెట్టాను. కారులో నాన్న అడిగాడు: "మొత్తం ముందే కట్టాం కదరా?"

ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు. నిజానికి మొదట్లో కట్టేసినట్టే ఉండేది. 2005లో ప్లాన్ మొదలైనప్పుడు టేబుల్ భోజనంలో స్టార్టరూ టిప్పూ కలిసే ఉండేవి. 2008 నుంచి రెండూ తీసేశారు. కట్టాల్సింది సున్నా అని కాగితం చెప్పడం మాత్రం అలాగే ఉండిపోయింది.

సర్వర్‌కి ఇది ఎంత విషయమో చూడండి. ఫ్లోరిడాలో మామూలు కనీస వేతనం 2025 సెప్టెంబర్ 30 నుంచి గంటకు 14 డాలర్లు. టిప్పులు వచ్చే ఉద్యోగాలకు చట్టం ప్రకారం యజమాని అంతకంటే 3.02 తక్కువ ఇవ్వవచ్చు, అంటే 10.98. ఆ తేడా టిప్పుల్లో రావాలి. వచ్చిన టిప్పులో కొంత ప్లేట్లు తీసేవాళ్ళకు, బార్‌లో డ్రింకులు కలిపేవాళ్ళకు పంచడం అమెరికా రెస్టారెంట్లలో మామూలు. ప్లాన్ టేబుల్ సర్వర్‌కి రెండు వైపులా పదునున్న కత్తి. అందరూ పెద్ద డిష్, కాక్‌టెయిల్, డెజర్ట్ తీసుకుంటారు కాబట్టి బిల్లు విలువ పెద్దది. దాని మీద టిప్పు సరిగ్గా ఇస్తే ఆ రాత్రి ఆవిడకు మంచి రాత్రి. నాన్నలా ఫోల్డర్ మూసేస్తే, మామూలు టేబుల్ కంటే ఎక్కువసేపు, ఎక్కువ ప్లేట్లు మోసి ఖాళీ చేతులతో ఇంటికెళ్తుంది.

కాబట్టి ఇలా చేయండి. ప్లాన్ లేకపోతే భోజనం ఎంతయ్యేదో రసీదులో చూడండి. ఆ పూర్తి విలువ మీద 18 నుంచి 20 శాతం టిప్పు. సున్నా మీద కాదు, విడిగా కట్టిన నాన్‌ల మీద మాత్రమే కాదు. మా ఇంటి లెక్క చెప్తాను: అమ్మానాన్నలకు 42 చొప్పున 84, మా ఆవిడకు 54, నాకు 65, పాపకు 16. మొత్తం 219. దాని మీద 18 శాతం 39.42. నాలుగు రాత్రులకు దాదాపు 158 డాలర్లు. ఈ అంకెను ట్రిప్ బడ్జెట్‌లో మొదటి రోజే రాసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా ముందే చెప్పండి, లేకపోతే టేబుల్ దగ్గర "39 డాలర్లంటే మూడు వేల పైమాటే!" అని మొదలవుతుంది, ఆవిడ ఎదురుగానే.

ఆరుగురు, అంతకంటే ఎక్కువమంది కూర్చుంటే 18 శాతం వాళ్ళే వేసేస్తారు. అప్పుడు రసీదు నిదానంగా చదవండి. వేసిన తర్వాత కూడా కింద ఇంకో టిప్పు గీత ఖాళీగా కనబడుతుంది. అది నింపాలన్న రూలు లేదు. రెండు కుటుంబాలు కలిసి వెళ్ళి, తెలియక రెండుసార్లు ఇచ్చినవాళ్ళు నాకు తెలుసు.

టిప్పు చేతికి కట్టుకునే మ్యాజిక్‌బ్యాండ్‌తో గది ఖాతాలో వేయొచ్చు, కార్డు మీద ఇవ్వొచ్చు, నోట్లు పెట్టొచ్చు. బఫే అయినా ఇవ్వాలి, డ్రింకులు తెచ్చేదీ ఖాళీ ప్లేట్లు తీసేదీ ఎవరో ఒకరే కదా. కౌంటర్ భోజనాల దగ్గర ఇవ్వక్కర్లేదు. టేబుల్, బిల్లు, టిప్పు అన్నీ కలిసిన భోజనాలు ఒకటీ అరా ఉన్నాయి. హూప్-డీ-డూ మ్యూజికల్ రివ్యూ అనే పాటల డిన్నర్ షో అలాంటిది, రెండు క్రెడిట్లు.

శాకాహారులు, బీఫ్ తిననివాళ్ళు

2019 నుంచి డిస్నీ మెనూల్లో మాంసం, పాలు, గుడ్లు ఏవీ లేని వంటకాల పక్కన ఆకు గుర్తు వేస్తున్నారు. దాదాపు ప్రతి చోటా ఒకటైనా ఉంటుంది. యానిమల్ కింగ్‌డమ్ పార్కులో పండోరా అనే భాగంలోని సటూలి క్యాంటీన్‌లో టోఫూ బౌల్ మా నాన్నకు నచ్చింది, "ఉప్పు తక్కువ, కానీ తినొచ్చు" అన్నాడు. ఆయన నోట అది పెద్ద మెచ్చుకోలే.

బీఫ్ వద్దంటే "నో బీఫ్" అని ఊరుకోకండి. సూప్‌లో, గ్రేవీలో ఉందేమో అడగండి. అడిగితే విసుక్కోరు, అవసరమైతే షెఫ్ టేబుల్ దగ్గరికి వచ్చి మాట్లాడతారు. స్నాకుల్లో మిక్కీ చెవుల ఆకారంలో అమ్మే రైస్ క్రిస్పీ ట్రీట్లు చూసి పిల్లలు ఎగబడతారు. అందులో మార్ష్‌మెలో ఉంటుంది, దాంట్లో జెలటిన్, అది జంతువుల నుంచి తీసేది. అమ్మమ్మ నోట్లో పెట్టే ముందు చూసుకోండి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని అలోహా ఐల్ దగ్గర దొరికే పైనాపిల్ డోల్ విప్‌తో ఆ బాధ లేదు, ఎండలో దానికి సాటి కూడా లేదు.

క్రెడిట్లు మిగలకుండా

ప్రతి రసీదు కింద ఎన్ని మిగిలాయో ఉంటుంది, యాప్‌లోనూ ఉంటుంది. రోజూ రాత్రి ఒకసారి చూడండి. ఒక రిజర్వేషన్లో ఉన్నవాళ్ళ క్రెడిట్లన్నీ ఒకే సంచిలో ఉన్నట్టు. ఏ రోజువి ఆ రోజే వాడాలని లేదు. ఒక రోజు రెండు టేబుల్ భోజనాలు తిని, మర్నాడు కౌంటర్‌తో సరిపెట్టుకోవచ్చు. తొలిరోజు మధ్యాహ్నం దిగితే ఆ పూట వాడకండి, చివరి రోజు ప్రయాణానికి ముందు పనికొస్తుంది.

స్నాక్ క్రెడిట్‌ని మంచినీళ్ళ సీసా మీద ఖర్చు పెట్టకండి. ఆరేడు డాలర్ల వస్తువు ఉన్నప్పుడే వాడండి. టేబుల్ భోజనం ఎక్కువైతే సర్వర్‌ని బాక్స్ అడగండి, గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుంది. బఫే దగ్గర మాత్రం అడగకూడదు.

క్రెడిట్లు చెక్ఔట్ రోజు అర్ధరాత్రి దాకా చెల్లుతాయి, తర్వాత మాయం. డబ్బు వెనక్కి ఇవ్వరు. చివరి రాత్రి పదింటికి హోటల్ కింద షాపులో ఒక దృశ్యం కనబడుతుంది: చేతిలో బుట్ట, బుట్ట నిండా ప్యాక్ చేసిన కుకీలు, పదకొండు స్నాక్ క్రెడిట్లు కరిగించాలన్న తొందరలో ఒక నాన్న. మేమూ తొమ్మిది కొన్నాం. విమానంలో ఎవరూ తినలేదు. ఇంటికొచ్చాక ఆఫీసుకు తీసుకెళ్ళి పెడితే ఐదు నిమిషాల్లో అయిపోయాయి.

గది ఖాళీ చేసే ముందు యాప్‌లో గది ఖాతా ఒకసారి పైనుంచి కిందికి చదవండి. మీరు రాసిన టిప్పులన్నీ అక్కడ ఒక్కో వరసలో కనబడాలి. ఆ రెండో రాత్రిది నేను అన్నిటికంటే ముందు వెతికాను. పడింది.